ఎండాకు తెగులు గుట్టు బయటపడింది, ఆ ఫలితం రైతు గడపకు రావాలి

వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో నాలుగు రోజులు ముసురు పట్టి, ఈదురుగాలి కొడితే మనందరికీ గుండెల్లో రాయి పడుతుంది. ముసురు విడిచిన వారానికి చేలో దిగి చూస్తే ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు చార దిగుతూ ఉంటుంది. ఇంకో వారానికి ఆ చార ఎండుగడ్డి రంగుకు మారుతుంది. తెల్లవారుజామున మంచు మీద చూస్తే ఆకు అంచున తేనె బొట్లలాంటి జిగురు కనిపిస్తుంది. బాక్టీరియా ఎండాకు తెగులు అంటే ఇదే. ఆకు ముక్క కోసి గాజు గ్లాసు నీళ్లలో నిలబెడితే కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి ద్రవం కిందికి కారుతుంది. ఈ పరీక్ష మన సభ్యుల్లో చాలామందికి తెలుసు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలిసిందే. ఆకు పట్టుకుని పురుగుమందుల కొట్టుకు వెళతాం. కొట్టతను రెండు మూడు డబ్బాలు తీసి బల్ల మీద పెడతాడు. అందులో ఒకటి శిలీంధ్రం మందు. తెగులు తెచ్చింది బాక్టీరియా, కొట్టేది బూజు మందు. ఇంకొకటి మొన్నమొన్నటి దాకా యాంటీబయాటిక్ పొడి. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన ఆ పొడిని సేద్యంలో దశలవారీగా ఆపేయాలని కేంద్రం 2021 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల జబ్బులకు వాడే మందు చేలల్లో చల్లితే రేపు మనుషులకే పనిచేయకుండా పోతుందన్నది దాని వెనకున్న కారణం. కారణం సరైనదే. కానీ దాని బదులు రైతు ఏం చేయాలో చెప్పే మనిషి మాత్రం ఊళ్లోకి రాలేదు. నిజానికి ఈ తెగులు బాగా ముదిరిన తర్వాత నమ్మకంగా ఆపగలిగే మందు లేదు. అయినా ప్రతి ఏడాదీ ఎకరానికి వేలు పోసి కొడుతూనే ఉన్నాం. ఎక్కువ నష్టపోయేది కౌలు రైతు. పంట పోయినా కౌలు కట్టాలి, కొట్టులో బాకీ తీర్చాలి.

ఈ నెల మేము ఈ తెగులు గురించే రాయడానికి ఒక కారణం ఉంది. ఎండాకు తెగులు మొక్కలోపల ఎలా పనిచేస్తుందో గత ఇరవై ఏళ్లలో శాస్త్రవేత్తలు దాదాపు అడుగడుగునా విప్పి చూపించారు. అందులో సగం పని పొలంలోనో ప్రయోగశాలలోనో కాదు, కంప్యూటర్ మీద జరిగింది. దాన్ని బయోఇన్ఫర్మాటిక్స్ అంటున్నారు. మన సభల్లో ఈ మాట వస్తే కొందరు "అది మనకు సంబంధం లేని విషయం" అంటారు, మరికొందరు "కంపెనీల మాయ" అంటారు. రెండు మాటలూ సరికాదని మేము అనుకుంటున్నాం. విషయం అర్థం చేసుకుంటేనే అందులో మన వాటా అడగగలం.

తూము, తాళం, దొంగ తాళంచెవి

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వరి మొక్కలోని ప్రతి కణంలోనూ సుమారు 37 వేల జన్యువులు ఉన్నాయి. వాటిని కాలువ మీది తూములు అనుకోండి. అన్ని తూములూ అన్ని వేళలా తెరిచి ఉండవు. నారు దశలో కొన్ని, పొట్ట దశలో కొన్ని, నీటి ఎద్దడిలో కొన్ని తెరుచుకుంటాయి. ఆకులోనూ వేరులోనూ ఉన్న తూములు ఒకటే, తెరిచినవి వేరు. ఏ జన్యువు ఎప్పుడు, ఎంత తెరుచుకుంది అన్నదాన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. తూము తెరిస్తే నీరు పారినట్టే జన్యువు తెరుచుకుంటే కణంలో దాని ఆర్ఎన్ఏ పోగవుతుంది. ఒక ఆకు ముక్కలో ఏ ఆర్ఎన్ఏ ఎంత ఉందో ఒకేసారి కొలవగల యంత్రాలు ఇప్పుడున్నాయి.

తెగులు పట్టని ఆకునూ, తెగులు పట్టిన ఆకునూ ఇలా కొలిచి పక్కపక్కన పెడితే వేల జన్యువుల్లో తేడా కనిపిస్తుంది. కొన్ని పెరుగుతాయి, కొన్ని తగ్గుతాయి. అందులో తెగులుకు మొక్క ఎదురు తిరగడం వల్ల వచ్చినవేవి, తెగులు తెచ్చే బాక్టీరియా తన కోసం తెరిపించుకున్నవేవి? కంటితో చూసి, చేత్తో లెక్కబెట్టి తేల్చగల సంగతి కాదిది. కంప్యూటర్ పని ఇక్కడే మొదలవుతుంది.

ఎండాకు తెగులు బాక్టీరియా పేరు జాంతోమోనాస్ ఒరైజే. ఆకు అంచుల్లో నీటి బొట్లు చెమర్చే సన్న రంధ్రాల ద్వారా, గాలికి ఆకులు రాసుకుని ఏర్పడిన గాయాల ద్వారా లోపలికి పోయి, నీరు పారే నాళాల్లో స్థిరపడుతుంది. ఆ నాళాల్లో నీరు ఉంటుంది గానీ తిండి అంతగా ఉండదు. బాక్టీరియాకు చక్కెర కావాలి. అందుకని అది మొక్క కణంలోకి ఒక రకం ప్రోటీన్లను పంపుతుంది. ఆ ప్రోటీన్ దొంగ తాళంచెవిలాంటిది. నేరుగా వెళ్లి చక్కెరను బయటికి వదిలే జన్యువు తాళంలో దూరి, ఆ తూమును తెరిచేస్తుంది. ఆ జన్యువులను శాస్త్రవేత్తలు స్వీట్ జన్యువులు అంటారు. తూము తెరుచుకోగానే చక్కెర బయటికి కారుతుంది, బాక్టీరియా తిని కోట్లలో పెరుగుతుంది, నాళం మూసుకుపోయి ఆకు ఎండుతుంది. రాత్రిపూట మన చేను తూము ఎత్తి నీళ్లు మళ్లించుకునే దొంగకూ దీనికీ తేడా లేదు.

లెక్కలు ఎలా పట్టిచ్చాయి

వరి జన్యు సమాచారం మొత్తాన్ని, అంటే సుమారు 39 కోట్ల అక్షరాల పుస్తకాన్ని, పది దేశాల శాస్త్రవేత్తలు కలిసి చదివి 2005లో ప్రకటించారు. వరికి 12 క్రోమోజోములు. వాటిలో 11వ క్రోమోజోములో ఒక భాగాన్ని చదివింది మన దేశం. ఆ పుస్తకాన్ని ఎవరూ తాళం వేసి దాచలేదు. ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. మొత్తం కథలో ఇది ముఖ్యమైన విషయం. దీని దగ్గరికి మళ్లీ వస్తాం.

2006లో ఆ తూముల్లో ఒకదాన్ని పట్టుకున్నారు. ఇప్పుడు స్వీట్11 అని పిలిచే జన్యువు అది. అంతకుముందు నుంచే కొన్ని వరి రకాలకు ఎక్స్ఏ13 అనే తెగులు తట్టుకునే గుణం ఉందని ప్రజననకారులకు తెలుసు. తీరా చూస్తే ఆ రకాల్లో ఉన్నది కొత్త జన్యువేమీ కాదు, అదే స్వీట్11. కాకపోతే దాని తాళం దగ్గర అక్షరాలు మారాయి. దొంగ తాళంచెవి పట్టదు, తూము తెరుచుకోదు, బాక్టీరియాకు తిండి దొరకదు. మొక్క ఏ విషమూ తయారు చేయలేదు, తాళం మారింది అంతే.

2009లో ఇంకో ముడి వీడింది. బాక్టీరియా పంపే ఆ ప్రోటీన్ పూసల దండలా ఉంటుంది. ఒక్కో పూస డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటుంది. ఏ పూస ఏ అక్షరాన్ని పడుతుందో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా తేల్చాయి. అక్కడి నుంచి పని మారిపోయింది. ఒక ఊరి చేలో దొరికిన బాక్టీరియా జన్యువులను చదివితే, దాని తాళంచెవులు వరిలో ఏ తాళాలకు సరిపోవచ్చో కంప్యూటర్ జాబితా ఇవ్వగలదు. ఇక్కడ జాగ్రత్తగా గమనించాలి. ఆ జాబితా పెద్దదిగానే ఉంటుంది, అందులో తప్పుడు పేర్లూ ఉంటాయి. అప్పుడు రెండో జాబితా తీస్తారు. అదే బాక్టీరియా పట్టిన ఆకులో నిజంగా పెరిగిన జన్యువుల జాబితా. రెండింటిలోనూ ఉన్న పేర్లు కొన్నే మిగులుతాయి. వాటిని ప్రయోగశాలలో, ఆ తర్వాత చేలో పరీక్షిస్తారు. ఊళ్లో దొంగతనం జరిగితే ఆ రాత్రి ఊళ్లో ఉన్నవాళ్ల జాబితా, తాళం తెరవగలవాళ్ల జాబితా పక్కపక్కన పెట్టి చూసినట్టు.

జన్యు వలలు అనే మాట కూడా ఇందులోంచే వచ్చింది. వందలాది ఆకు నమూనాల్లో ఏ జన్యువులు కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి అని లెక్కగట్టి, కలిసి నడిచేవాటి మధ్య గీతలు గీస్తే వలలాంటి బొమ్మ వస్తుంది. చాలా గీతలు వచ్చి కలిసే చోట ఉన్న జన్యువు ఆ పనిలో ముఖ్యమైనది కావచ్చని అనుమానిస్తారు. కావచ్చు అంతే. రెండు ఎద్దులు కలిసి నడుస్తున్నాయంటే ఒకటి రెండోదాన్ని లాగుతోందని కాదు, రెండూ ఒకే కాడికి కట్టి ఉండొచ్చు. వల బొమ్మ దారి చూపుతుందే గానీ తీర్పు చెప్పదు. మనుషుల క్యాన్సర్, మధుమేహం పరిశోధనలోనూ ఇవే లెక్కలు వాడుతున్నారు, అక్కడా ఇదే పరిమితి ఉంది.

2019లో ఒక అంతర్జాతీయ బృందం 63 జాంతోమోనాస్ జాతుల తాళంచెవులను లెక్కగట్టి, అవి ఎక్కువగా మూడు స్వీట్ జన్యువుల మీదే ఆధారపడుతున్నాయని చూపింది. ఆ మూడింటి తాళాలనూ జన్యు సవరణతో మార్చి, తెగులును తట్టుకునే వరి మొక్కలను తయారు చేసింది.

మన సాంబ మసూరి కథ

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి కాదు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అదే మన సాంబ మసూరి, సన్నబియ్యానికి పేరు. అన్నం రుచికి పేరు. ఎండాకు తెగులుకు లొంగిపోవడంలోనూ పేరే. హైదరాబాదులోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఈ రకంలోకి మూడు తెగులు నిరోధక జన్యువులను సాధారణ సంకరణంతోనే తెచ్చాయి. ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. ఇందులో ఎక్స్ఏ21 కాపలాదారులాంటిది, బాక్టీరియా వచ్చిన జాడ పసిగట్టి మొక్కను లేపుతుంది. ఎక్స్ఏ13 మారిన తాళం. ఎక్స్ఏ5 తూము ఎత్తే లస్కరు చేతిలాంటిది. దొంగ ఆ చేతిని పట్టుకుని తన పని చేయించుకుంటాడు. ఎక్స్ఏ5 ఉన్న మొక్కలో దొంగ పట్టు జారుతుంది, లస్కరు రోజువారీ పని మాత్రం సాగుతుంది.

మూడు జన్యువులూ ఒకే మొక్కలో చేరాయో లేదో చేలో చూసి చెప్పలేం. ఒక్కటున్నా తెగులు తగ్గినట్టే కనిపిస్తుంది. ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పనిచేస్తాయి. అందుకే ప్రతి తరంలోనూ మొక్క డీఎన్ఏను గుర్తులతో పరీక్షించి ఎంపిక చేశారు. అలా వచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి రకం కాదు. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ సంస్థల్లో, మన నేలమీద తయారైన విత్తనం. రైతు దాచుకుని మళ్లీ వేసుకోగల విత్తనం. దీని బియ్యంలో గ్లైసీమిక్ సూచిక తక్కువని, దాదాపు 51 అని కూడా తేలింది. షుగరు ఉన్నవాళ్లు ఇలాంటి బియ్యం కోసం పట్నాల్లో ఎక్కువ ధర పెడుతున్నారు.

ఇప్పుడు మేము సభ్యులను ఒక ప్రశ్న అడుగుతున్నాం. ఈ రకం పేరు మీలో ఎంతమంది విన్నారు? విన్నవాళ్లలో ఎంతమందికి నమ్మకమైన విత్తనం సమయానికి దొరికింది? గ్రామ సమావేశాల్లో మేము ఈ ప్రశ్న వేసిన చోట లేచిన చేతులు తక్కువ. సైన్సు తన పని చేసింది. విత్తనోత్పత్తి, పంపిణీ, విస్తరణ, మిల్లు దగ్గర గిట్టుబాటు, ఇవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. అక్కడ బండి ఆగిపోయింది. కొత్త సైన్సు గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ ఆగిన బండి గురించి మాట్లాడాలి.

లెక్కలకూ హద్దులున్నాయి

మేము సైన్సుకు వ్యతిరేకులం కాము. అలాగని భజన చేసేవాళ్లమూ కాము. మూడు హద్దులు చెప్పుకోవాలి.

మొదటిది, ఒక జన్యువుకు ఒక్క పనే ఉండదు. స్వీట్11 తూమును పూర్తిగా మూసేస్తే బాక్టీరియాకు తిండి ఆగుతుంది, నిజమే. కానీ పుప్పొడి ఎదగడానికి కూడా ఆ తూమే కావాలి. దాన్ని గట్టిగా అణిచేసిన మొక్కల్లో గింజ సరిగా కట్టలేదని పరిశోధనలే చెప్పాయి. ఆకు కాపాడి కంకి పోగొట్టుకుంటే రైతుకు ఒరిగేదేముంది? వలలో ఒక దారం లాగితే ఇంకెక్కడో కదులుతుందని ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రెండోది, బాక్టీరియా మారుతూ ఉంటుంది. తాళం మారిస్తే దొంగ కొత్త తాళంచెవి చేసుకుంటాడు. మన దేశంలో ఈ బాక్టీరియా జాతులు ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా ఉన్నాయి. ఒకే జన్యువు మీద ఆధారపడిన నిరోధకత ఏళ్ల తరబడి నిలవదు. కాబట్టి ఏ జిల్లాలో ఏ జాతి తిరుగుతోందో ప్రతి ఏడాదీ చూస్తూ ఉండాలి. ఇది ఒకసారి పరిశోధన చేసి పత్రం రాసి ముగించే పని కాదు.

మూడోది, లెక్క ఎంత బాగున్నా అందులో వేసిన సమాచారాన్ని బట్టే జవాబు వస్తుంది. జన్యు వ్యక్తీకరణ సమాచారంలో ఎక్కువ భాగం గాజు ఇళ్లలో, ప్రయోగాలకు అనువైన విదేశీ రకాల మీద, మందులూ ఎద్దడీ లేని వాతావరణంలో సేకరించినది. మన చేలో మొక్కకు ఒకేసారి నీటి ముంపు, యూరియా ఎక్కువ, సుడిదోమ, ఎండాకు తెగులు అన్నీ కలిసి వస్తాయి. ఆ మొక్క లోపల ఏ తూములు తెరుచుకున్నాయో చెప్పే సమాచారం మన చేల నుంచే సేకరించాలి.

ఇవి కాక, ఎంత గొప్ప జన్యువు వచ్చినా చేయాల్సిన సేద్యం పనులు చేయాల్సిందే. యూరియా ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేయడం, తెగులు కనిపించగానే యూరియా ఆపడం, తెగులు పట్టిన మడి నీళ్లు పక్క మడిలోకి పారనివ్వకపోవడం, తెగులు భయమున్న చోట నారు కొనలు తుంచకుండా నాటడం. ఇవి కంప్యూటర్ లేని రోజుల్లోనూ నిజమే, ఇప్పుడూ నిజమే.

విత్తనం మనది, సమాచారం మనది, హక్కు ఎవరిది?

ఇక అసలు విషయానికి వస్తాం. పైన చెప్పిన ఎక్స్ఏ21 కాపలా జన్యువు ఎక్కడిదో తెలుసా? ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఆ అడవి వరికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తి ఉందని గుర్తించిన చోటు కటక్‌లోని మన వరి పరిశోధన సంస్థ. దాన్ని మామూలు వరిలోకి ఎక్కించింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. 1995లో ఆ జన్యువును విడదీసింది అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. పేటెంటు తీసుకున్నదీ ఆ విశ్వవిద్యాలయమే. జన్యువు ఇచ్చిన దేశానికి కొంత తిరిగి ఇవ్వాలని ఒక నిధి పెట్టారు, ఆలోచన మంచిదే. కానీ కంపెనీలు ఆ జన్యువుతో సరుకు అమ్మలేదు, నిధి నిండలేదు. మాలి రైతుకు మిగిలింది కథ మాత్రమే.

ఇదే కథ మన దగ్గర జరగకూడదు. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం దేశంలో మొదటిసారి రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. కమల అనే పేరు పెట్టిన డీఆర్ఆర్ ధాన్ 100కు మూలం సాంబ మసూరి. పూసా డీఎస్‌టీ రైస్ 1కు మూలం మార్టేరులో పుట్టిన ఎంటీయూ 1010, మనం కాటన్‌దొర సన్నాలు అని పిలిచే రకం. రెండింటి తల్లీ మన నేలమీదే ఉంది. అంతకుముందే, 2022 మార్చి 30న, బయటి జన్యువు మిగలని సవరణ రకాలకు 1989 నాటి జీవభద్రత నిబంధనల్లో 7 నుంచి 11 వరకు వర్తించవని పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చింది. దిగుబడి పెరుగుతుందని, పంట కాలం తగ్గుతుందని ప్రభుత్వం చెబుతోంది. నిజమైతే మంచిదే. కానీ ఆ పరీక్షల సమాచారం మొత్తం, ఏ కేంద్రంలో ఎంత పండిందో సహా, రైతు సంఘాల ముందు పెట్టాలి. జన్యు సవరణకు వాడే పరికరం మీద పేటెంట్లు విదేశీ సంస్థల చేతిలో ఉన్నాయి. ఏ షరతుల మీద లైసెన్సు తీసుకున్నారు, ఆ భారం విత్తనం ధర మీద పడుతుందా, రైతు ఆ విత్తనం దాచుకోవచ్చా? వీటికి కాగితం మీద జవాబు కావాలి.

ఇప్పుడు హక్కుల తగాదా విత్తన బస్తా దగ్గరే ఆగడం లేదు. విత్తనం చేతిలో లేకపోయినా దాని జన్యు సమాచారం కంప్యూటర్లో ఉంటే చాలు, కంపెనీ తన ప్రయోగశాలలో దాన్ని వాడుకోగలదు. 2014లో 89 దేశాలకు చెందిన 3,000 వరి రకాల జన్యు సమాచారాన్ని బహిరంగంగా పెట్టారు. వాటిలో మన తాతముత్తాతలు ఎంచి, కాపాడి, చేతులు మార్చుకుంటూ వచ్చిన దేశవాళీ రకాలూ ఉన్నాయి. సమాచారం బహిరంగంగా ఉండాలన్నదే మా అభిప్రాయం. అది దాచి ఉంటే సీసీఎంబీ లాంటి ప్రభుత్వ సంస్థలే ముందు నష్టపోయేవి. కానీ అందరి సమాచారంతో తయారైన సరుకు ఒక్కరి సొత్తు కావడమే అన్యాయం. 2024 చివరలో కొలంబియాలోని కాలి నగరంలో జరిగిన జీవవైవిధ్య సదస్సు దీని మీద ఒక నిధి పెట్టాలని తీర్మానించింది. ఇలాంటి సమాచారంతో లాభపడే కంపెనీలు లాభంలో 1 శాతం లేదా అమ్మకాల్లో 0.1 శాతం చెల్లించాలని అందులో ఉంది. కానీ కట్టకపోతే శిక్ష లేదు. దయ ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు.

మన చేతిలో ఒక ఆయుధం మాత్రం ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, రక్షిత రకమైనా సరే, బ్రాండు పేరుతో అమ్మనంత వరకు రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద పెప్సికో కేసులు వేసినప్పుడు దేశంలోని రైతు సంఘాలు ఈ సెక్షన్‌నే ముందు పెట్టాయి. కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది. హక్కు చట్టంలో ఉంటే చాలదు, అడిగేవాళ్లు ఉండాలి.

మా డిమాండ్లు

ఒకటి. ప్రతి వరి జిల్లాలోనూ ఏటా ఎండాకు తెగులు నమూనాలు సేకరించి, ఏ జాతి బాక్టీరియా ఉందో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు తేల్చాలి. ఫలితాన్ని నాట్లకు ముందే తెలుగులో ప్రకటించాలి. ఏ రకం ఆ జిల్లాలో తట్టుకుంటుందో రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో గోడ మీద రాసి పెట్టాలి.

రెండు. ప్రభుత్వ డబ్బుతో సేకరించిన పంటల జన్యు సమాచారం అంతా ఫరీదాబాద్‌లో 2022లో ప్రారంభమైన జాతీయ జీవ సమాచార కేంద్రంలో బహిరంగంగా ఉండాలి. ఏ ఊరి చేను నుంచి, ఏ దేశవాళీ రకం నుంచి తీసుకున్నారో అందులో నమోదు కావాలి.

మూడు. జన్యు సవరణ రకాల పరీక్షల సమాచారం, లైసెన్సు షరతులు బయటపెట్టేవరకు విత్తనాన్ని అమ్మకానికి వదలకూడదు. 39వ సెక్షన్ హక్కు ఈ రకాలకూ పూర్తిగా వర్తిస్తుందని ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి.

నాలుగు. మెరుగైన సాంబ మసూరి లాంటి, ఇప్పటికే చేతిలో ఉన్న ప్రభుత్వ రకాల విత్తనాన్ని విత్తనాభివృద్ధి సంస్థల ద్వారా, రైతు సంఘాల ద్వారా ఊరూరా ఉత్పత్తి చేయించాలి. కొత్తది చూపించి పాతదాన్ని మరిపించడం కుదరదు.

ఐదు. విస్తరణ సిబ్బంది ఖాళీలు నింపాలి. యంత్రం చెప్పిన జవాబును చేను గట్టు మీదికి తెచ్చే మనిషి లేకపోతే ఆ జవాబు ఎవరి కోసం?

ఈ సీజనులో మనం చేసుకోగలిగింది

ప్రభుత్వం కదిలే దాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎండాకు తెగులు ఏ చేలో, ఏ తేదీన, ఏ రకం మీద, ఎన్నో రోజు పైరులో కనిపించిందో రాయాలి. ఆ ముందు వారంలో వానా గాలీ ఎలా ఉన్నాయో, యూరియా ఎంత వేశారో, ఏ మందు కొట్టారో, ఎంత ఖర్చయిందో, పని చేసిందో లేదో కూడా రాయాలి. కౌలు రైతుల చేలను వదలకూడదు. పాలు కారే గ్లాసు పరీక్ష చేసి చూశాకే తెగులు పేరు రాయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. తెగులు ఆకులను పొడి కాగితంలో చుట్టి దగ్గరలోని పరిశోధన కేంద్రానికి సంఘం తరఫున అందజేసి, ఫలితం ఎప్పుడిస్తారో రాయించుకుని రావాలి.

ఇదేమీ చిన్న పని కాదు. జన్యు వలల గురించి లెక్కలు వేసే శాస్త్రవేత్త దగ్గర లేనిది ఇదే. వాళ్ల దగ్గర జన్యువుల లెక్క ఉంది, మన దగ్గర చేను లెక్క ఉంది. రెండూ కలిస్తేనే తెగులు పూర్తి బొమ్మ వస్తుంది. చేను లెక్క ఉన్న సంఘం శాస్త్రవేత్త ముందు చేయి చాచి నిలబడదు, పక్కన కూర్చుని మాట్లాడుతుంది. విధానం రాసే అధికారి ముందూ అంతే.

మొక్కలోపలి దొంగ తాళంచెవిని సైన్సు పట్టుకుంది. ఆ తాళం మార్చే విద్య కూడా వచ్చింది. మార్చిన తాళానికి కొత్త తాళంచెవి కంపెనీ జేబులోకి పోకుండా చూసుకోవడం మన పని. వచ్చే నెల జిల్లా సమావేశాలకు మీ ఊరి నోటు పుస్తకంతో రండి.